గొంతు అడిగే ప్రశ్న



ముందుగా రెండు వాక్యాలు వినండి. తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ భాషలోవి ఇవి. మొదటిది: "చాయి ఈపో." రెండోది: "చాయి ఈపో?" ఇంకోసారి చెప్తాను. "చాయి ఈపో." "చాయి ఈపో?"

రెండింట్లోనూ మాటలు అవే. ఒక్క అక్షరం కూడా తేడా లేదు. అయినా మొదటిది వినగానే ఎవరో టీ ఉందని చెప్తున్నారని మీకు అనిపించి ఉంటుంది. రెండోది వినగానే, టీ ఉందా అని అడుగుతున్నారని తెలిసిపోయి ఉంటుంది. స్వాహిలీ రాకపోయినా తెలిసింది. ఎలా తెలిసింది? గొంతును బట్టి తెలిసింది. మొదటి వాక్యంలో గొంతు దిగింది. రెండో వాక్యంలో లేచింది.

ఈ పూట మన ప్రసంగం ఈ లేవడం, దిగడం గురించే. స్వాహిలీవాళ్ళు ఏ రకం ప్రశ్నకి గొంతు ఎలా వాడతారు? అది వినడానికి తెలుగు చెవికి కొంచెం అలవాటు ఎందుకు కావాలి? ఈ రెండు సంగతులూ చెప్పుకుందాం.

ముందు ఈ భాష ఊరూ పేరూ తెలుసుకుందాం. ఆఫ్రికా ఖండంలో కామెరూన్ నుంచి దక్షిణాఫ్రికా దాకా, ఒకే కుటుంబానికి చెందిన భాషలు పరుచుకుని ఉన్నాయి. వాటిని బంటూ భాషలంటారు. లెక్క ఇంచుమించు 500. జూలూ, ఖోసా, షోనా, కికుయు, లుగాండా, చిచేవా, ఇవన్నీ ఆ కుటుంబంలోవే. స్వాహిలీ కూడా అందులోదే. టాంజానియా, కెన్యాల్లో అది అధికార భాష. ఉగాండాలో, కాంగోలో కూడా వినిపిస్తుంది. స్వాహిలీ మాట్లాడేవాళ్ళు 20 కోట్ల పైచిలుకు అని యునెస్కో చెప్తోంది. జులై 7ని ప్రపంచ స్వాహిలీ దినంగా 2021లో ఆ సంస్థే ప్రకటించింది.

మనకి అంత దూరపు భాషతో పనేమిటి అనుకోవచ్చు. పని ఉంది. దార్ ఎస్ సలామ్‌లో, నైరోబీలో తెలుగువాళ్ళు ఉద్యోగాలు చేస్తున్నారు, వ్యాపారాలు నడుపుతున్నారు. 2023లో ఐఐటీ మద్రాస్ తన శాఖని జాంజిబార్‌లో తెరిచింది. మన దేశం దాటి వెళ్ళిన మొదటి ఐఐటీ అది. అక్కడికి వెళ్ళే పిల్లలకీ, పాఠం చెప్పేవాళ్ళకీ బజారులో, బస్సులో ఎదురయ్యేది స్వాహిలీయే. వాళ్ళలో ఎవరైనా ఈ ప్రసంగం వింటూ ఉండొచ్చు. వాళ్ళ అమ్మానాన్నలు వింటూ ఉండొచ్చు.

సరే, ఇప్పుడు మన తెలుగు దగ్గరికి వద్దాం. మనం ప్రశ్న ఎలా అడుగుతాం?

"నాన్న వచ్చాడు." ఇది చెప్పడం. "నాన్న వచ్చాడా?" ఇది అడగడం. తేడా ఎక్కడుంది? చివర "ఆ" అని ఒక అచ్చు చేరింది. "టీ ఉంది." "టీ ఉందా?" మళ్ళీ అదే "ఆ". "రేపా?" "నువ్వా?" "ఇదేనా?" ఏ మాటకైనా సరే, చివర ఆ దీర్ఘం తగిలిస్తే ప్రశ్న అయిపోతుంది. గొంతు అస్సలు ఎత్తకుండా, నీరసంగా, నిద్రమత్తులో అన్నా "నాన్న వచ్చాడా" అంటే అది ప్రశ్నే. కాగితం మీద ప్రశ్నార్థకం పెట్టకపోయినా ప్రశ్నే. అంటే తెలుగులో ప్రశ్న గుర్తు మాటలోనే ఉంది.

చిన్నప్పటి నుంచీ మన చెవికి ఇదే అలవాటు. ఎవరైనా మాట్లాడుతుంటే చివరి అక్షరం దగ్గర చెవి పెడతాం. "ఆ" వినిపిస్తే జవాబు చెప్తాం. వినిపించకపోతే ఊ కొడతాం.

ఇప్పుడు ఇదే చెవితో స్వాహిలీ వింటే ఏమవుతుంది? "బాబ అమెఫీక." అంటే నాన్న వచ్చాడు. "బాబ అమెఫీక?" అంటే నాన్న వచ్చాడా. చివర ఏమీ చేరలేదు. మన చెవి వెతికే "ఆ" అక్కడ లేదు. అందుకని కొత్తగా వెళ్ళిన తెలుగువాడు, ఎదుటి మనిషి ఏదో చెప్పాడనుకుని తల ఊపి ఊరుకుంటాడు. ఎదుటి మనిషి జవాబు కోసం చూస్తూ నిలబడతాడు. ఒకరు అడిగారు. ఇంకొకరు విన్నారు. ప్రశ్న మాత్రం అందలేదు.

హైదరాబాద్ శ్రోతలకి ఇది కొంచెం తేలిగ్గా అర్థమవుతుంది. ఎందుకంటే హిందీలో, ఉర్దూలో ఇలాంటిదే ఉంది. రైలు స్టేషన్‌లో కొట్టు ముందు నిలబడి "చాయ్ హై?" అని అడుగుతాం. కొట్టతను "చాయ్ హై" అంటాడు. ప్రశ్నా అదే, జవాబూ అదే. గొంతు ఒక్కటే తేడా. స్వాహిలీ "చాయి ఈపో?", "చాయి ఈపో" కూడా సరిగ్గా అంతే.

ఇక్కడ నేను చెప్పదలచిన అసలు విషయం ఒకటుంది. ఈ ప్రసంగంలో ఇదొక్కటి గుర్తుంటే చాలు.

పెళ్ళి వంటల దగ్గర గంగాళం మోసేవాళ్ళని చూసే ఉంటారు. ఇద్దరు చెరోవైపు పట్టుకుంటారు. ఒకరు గట్టిగా ఎత్తితే ఇంకొకరికి బరువు తగ్గుతుంది. ఒకరు చెయ్యి వదిలేస్తే ఇంకొకరి మీదే మొత్తం పడుతుంది. భాషలో ప్రశ్నని మోసేవాళ్ళు కూడా ఇద్దరే. ఒకరు మాట, ఒకరు గొంతు. మాట మోస్తే గొంతుకి పని తక్కువ. మాట వదిలేస్తే గొంతే మొయ్యాలి.

మళ్ళీ చెప్తాను. మాట మోస్తే గొంతుకి పని తక్కువ. మాట వదిలేస్తే గొంతే మొయ్యాలి. స్వాహిలీలో ఏ రకం ప్రశ్నకి గొంతు ఎలా మారుతుందో చాలావరకు ఈ ఒక్క సూత్రంతో పట్టుకోవచ్చు.

ఇప్పుడు ఒక్కో రకమే చూద్దాం.

మొదటి రకం, అవునా కాదా అని అడిగే ప్రశ్న. ఇందులో మాట ఏ సాయమూ చెయ్యదు. మొత్తం బరువు గొంతుదే. అయితే గొంతు ఎక్కడ లేస్తుంది? వాక్యమంతా లేపుతారా, చివరి అక్షరం ఒక్కటే లేపుతారా?

దీనికి స్వాహిలీలో ఒక అందమైన ఏర్పాటు ఉంది. స్వాహిలీ మాటల్లో, చాలా కొద్దిపాటివి తప్ప, చివరి నుంచి రెండో అక్షరం మీద ఊనిక పడుతుంది. "అమెఫీక" అన్నాను. అ, మె, ఫి, క. నాలుగు అక్షరాలు. చివరి నుంచి రెండోది "ఫి". అందుకే దాన్ని కాస్త సాగదీసి "ఫీ" అన్నాను. ప్రశ్న అడిగేటప్పుడు గొంతు ముఖ్యంగా ఎత్తేది ఈ అక్షరం దగ్గరే. మామూలు వాక్యంలో అక్కడికి వచ్చేసరికి గొంతు కిందికి దిగుతూ ఉంటుంది. ప్రశ్నలో అక్కడ పైకి లేస్తుంది. మిగిలిన ఒక్క అక్షరం దాని వెనక వస్తుంది.

ఇంకో ఉదాహరణ. "ఉమెకూల?" అంటే తిన్నావా? మన ఇళ్ళల్లో గడప దాటి లోపలికి వచ్చినవాళ్ళని మొదట అడిగే మాట. ఇక్కడ గొంతు "కూ" మీద లేచింది. ఇప్పుడు దానికి "వాలి" అనే మాట చేరుద్దాం. వాలి అంటే వండిన అన్నం. "ఉమెకూల వాలి?" అన్నం తిన్నావా? ఇప్పుడు గొంతు ఎక్కడ లేచింది? "వా" దగ్గర లేచింది. చివరి మాట మారింది కాబట్టి లేచే చోటు కూడా జరిగింది. నియమం మాత్రం అదే. చివరి మాటలో, చివరి నుంచి రెండో అక్షరం. అక్కడ చెవి పెట్టాలి.

తెలుగు చెవి చివరి అక్షరం కోసం చూస్తుంది. స్వాహిలీ చెవి ఒక అక్షరం ముందే మేలుకుంటుంది. ఇంతే తేడా.

స్వాహిలీ వ్యాకరణాలు రాసినవాళ్ళు ఈ సంగతిని చిన్నదిగా చూడలేదు. ఇ. ఓ. ఆష్టన్ రాసిన స్వాహిలీ వ్యాకరణం 1944లో లండన్‌లో అచ్చయింది. తరతరాల విద్యార్థులు చదివిన పుస్తకం. గొంతు తీరుతో సహా అని ఆ పుస్తకం పేరులోనే ఉంది. వ్యాకరణమంటే ప్రత్యయాలు, విభక్తులు మాత్రమే అనుకునే రోజుల్లో, గొంతు కూడా వ్యాకరణంలో భాగమే అని అట్ట మీద వేసి చెప్పారు.

మన దేశంలో ఈ ఎరుక ఇంకా పాతది. భరతుడి నాట్యశాస్త్రం గొంతులో వచ్చే ఈ మార్పుని కాకువు అంటుంది. అందులో రెండు రకాలు చెప్తుంది. అర్థం ఇంకా పూర్తి కాలేదని తెలిపేది సాకాంక్షం. అయిపోయిందని తెలిపేది నిరాకాంక్షం. "చాయి ఈపో" అని దించి చెప్తే అయిపోయింది. "చాయి ఈపో?" అని ఎత్తితే ఇంకా ఏదో రావాలి. ఆ రావాల్సింది జవాబు.

ఇక రెండో రకం. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎంత అని అడిగే ప్రశ్నలు. స్వాహిలీలో నీని అంటే ఏమిటి. వాపి అంటే ఎక్కడ. లీని అంటే ఎప్పుడు. నాని అంటే ఎవరు. "ఉనక్వేండ వాపి?" ఎక్కడికి వెళ్తున్నావు? "ఉనటాక నీని?" నీకేం కావాలి?

నేను ఎలా పలికానో గమనించారా? గొంతు పైకి ఎగరెయ్యలేదు. మామూలు వాక్యం చెప్పినట్టే దించేశాను. ఇది ప్రశ్న కాదా మరి? ప్రశ్నే. కాని ఇక్కడ "వాపి" అనే మాట ఉంది. "నీని" అనే మాట ఉంది. ఆ మాట వినపడగానే ఇది ప్రశ్న అని తేలిపోతుంది. మాట మోసేసింది. గొంతుకి ఎత్తాల్సిన అవసరం లేదు. ఆ ప్రశ్నమాట మీద ఊనిక పడుతుంది, అంతే.

మనం కూడా అంతే కదా. "ఎక్కడికి వెళ్తున్నావు?" అని తెలుగులో అడిగేటప్పుడు చివర "ఆ" చేర్చం. "ఎక్కడికి వెళ్తున్నావా" అని ఎవరూ అడగరు. "ఎక్కడికి" అన్న మాట ఉంది కాబట్టి "ఆ" అక్కర్లేదు. మనం ఒక చోట "ఆ"ని వదిలేస్తే, స్వాహిలీవాళ్ళు అదే చోట గొంతు ఎత్తడం వదిలేస్తారు. దారులు వేరు, లెక్క ఒకటే.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడే తడబడతారు. ప్రశ్న అంటే గొంతు ఎత్తాలి అని ఒకసారి నేర్చుకున్నాక, అన్ని ప్రశ్నలకీ ఎత్తేస్తారు. "ఉనక్వేండ వాపి?" అని పైకి లాగి అడిగితే, వినేవాళ్ళకి వేరేగా అనిపించొచ్చు. "ఎక్కడికి అన్నావూ? ఇంకోసారి చెప్పు" అన్నట్టో, "ఏమిటీ, అక్కడికా!" అని ఆశ్చర్యపోయినట్టో ఉంటుంది. మామూలుగా అడగాలంటే ప్రశ్నమాటని దాని పని దాన్ని చెయ్యనివ్వాలి.

ఇంతవరకూ చెప్పిందంతా ఒక్క బేరంలో విందాం. దార్ ఎస్ సలామ్‌లో కరియాకో అని పెద్ద బజారు ఉంది. అక్కడ కూరగాయల కొట్టు ముందు నిలబడ్డాం అనుకోండి. టమాటాలు కావాలి. స్వాహిలీలో టమాటాని న్యాన్య అంటారు.

కొనే మనిషి అడుగుతుంది: "న్యాన్య జీపో?" టమాటాలు ఉన్నాయా? గొంతు "జీ" మీద లేచింది.

అమ్మే అతను అంటాడు: "జీపో." ఉన్నాయి. గొంతు దిగింది.

ఆవిడ అడుగుతుంది: "బెయి గాని." ధర ఎంత? ఇక్కడ గొంతు లేవలేదు. "గాని" అనేది ప్రశ్నమాట. ఏ, ఎంత అని దాని పని. అది మోసేసింది.

అతను అంటాడు: "ఎల్ఫు మ్బీలి." రెండు వేలు. అంటే రెండు వేల షిల్లింగులు.

ఆవిడ అంటుంది: "ఎల్ఫు మ్బీలి?" రెండు వేలా? గొంతు "బీ" మీద ఎగిరింది.

అతను మళ్ళీ: "ఎల్ఫు మ్బీలి." రెండు వేలే.

అప్పుడు ఆవిడ: "పుంగూజ కిడోగో." కాస్త తగ్గించు.

చూశారా. "ఎల్ఫు మ్బీలి" అనే మాట ఒకే నిమిషంలో మూడుసార్లు వచ్చింది. ఒకసారి ధర చెప్పడానికి. ఒకసారి ఆ ధర విని నివ్వెరపోయి అడగడానికి. ఒకసారి అదే ధర అని ఖాయం చెయ్యడానికి. కాగితం మీద రాస్తే మూడూ ఒకటే. చెవికి మూడూ మూడు. వాటికి ముందు వచ్చిన "బెయి గాని" మాత్రం ప్రశ్న అయ్యుండి కూడా దిగువ గొంతులోనే నడిచింది. తెలుగులో అయితే "రెండు వేలా?" అని ఒక అచ్చు చేర్చి బేరం మొదలుపెడతాం. అక్కడ గొంతుతోనే మొదలుపెడతారు.

ఇక మూడో రకం ఉంది. ఇందులో మాటా, గొంతూ ఇద్దరూ చెయ్యి వేస్తారు.

స్వాహిలీలో "జె" అనే చిన్న మాట ఉంది. వాక్యం ముందు పెడతారు. "జె, ఉమెకూల?" అంటే, ఏమండీ, తిన్నారా అన్నట్టు. ఆ "జె" వినపడగానే ప్రశ్న వస్తోందని ముందే తెలిసిపోతుంది. హిందీలో "క్యా ఆప్ ఆయేంగే" అన్నప్పుడు మొదట్లో వచ్చే "క్యా" లాంటిదే ఇది. "జె" తప్పనిసరి కాదు. పెడితే పెట్టొచ్చు, మానేస్తే మానెయ్యొచ్చు. మానేస్తే మాత్రం గొంతు తప్పనిసరి. రాతలో, ప్రసంగాల్లో, మర్యాదగా అడగాల్సిన చోట "జె" ఎక్కువ వినిపిస్తుంది. ఇంట్లో, బజారులో ఉత్త గొంతుతోనే నడిపించేస్తారు.

ఇదే "జె" క్రియ చివర అతుక్కుంటే పని మారుతుంది. అప్పుడు ఎలా అని అర్థం. "ఉలిఫికాజె?" అంటే ఎలా చేరుకున్నావు? ఇప్పుడది ప్రశ్నమాట అయింది కాబట్టి రెండో రకంలో చేరింది.

ఇంకొకటి, చివర తగిలించే "సీవ్యో". "ఉటకూజ కేశో, సీవ్యో?" అంటే రేపు వస్తావు, కదూ? మొదటి భాగం మామూలు వాక్యంలా చెప్తారు. అడిగే పని చివరి చిన్న మాటకి అప్పజెప్తారు. మన "కదా", "కదూ" చేసే పనే.

ఇక రెండింట్లో ఏది అని అడగాలంటే "ఔ" అనే మాట ఉంది. "ఉనటాక చాయి ఔ కహావ?" టీ కావాలా, కాఫీ కావాలా? మనం అయితే "టీయా, కాఫీయా" అని రెంటికీ "ఆ" తగిలిస్తాం. వాళ్ళు మధ్యలో "ఔ" ఒక్కటి పెట్టి సరిపెడతారు. మిగతాది గొంతు చూసుకుంటుంది.

ఇప్పటిదాకా చెప్పినదాన్ని ఒక్కసారి నెమరేసుకుందాం. ప్రశ్నమాట లేని ప్రశ్నలో గొంతు లేస్తుంది. ప్రశ్నమాట ఉన్న ప్రశ్నలో గొంతు మామూలుగా దిగుతుంది. "జె", "సీవ్యో" లాంటివి చేరితే మాట కూడా సాయం పడుతుంది.

మీలో కొందరికి ఒక సందేహం రావాలి. గొంతు ఎత్తుదిగుళ్ళతో ప్రశ్న అడగడం సరే. అయితే ఆ ఎత్తుదిగుళ్ళకి అప్పటికే వేరే పని ఉంటే? బంటూ భాషల్లో ఎక్కువ భాగం అలాంటివే. వాటిలో ఒక అక్షరాన్ని ఎత్తి పలికితే ఒక అర్థం, దించి పలికితే ఇంకో అర్థం. స్వాహిలీలో ఆ పద్ధతి ఇప్పుడు లేదు. కుటుంబంలో చాలా భాషలకి ఉన్న ఆ లక్షణాన్ని స్వాహిలీ పోగొట్టుకుంది. కాబట్టి దాని గొంతు ప్రశ్నలకి ఖాళీగా దొరికింది. మిగతా భాషల సంగతి?

జూలూ తీసుకుందాం. జూలూ మనకి అంత పరాయి కాదు. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరులో డర్బన్ రేవు చేరింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో నటాల్ చెరుకు తోటల్లో పనికి మన తెలుగువాళ్ళు ఎందరో వెళ్ళారు. వాళ్ళ వారసులు దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. వాళ్ళ చుట్టుపక్కల ఊళ్ళ భాష జూలూ.

జూలూలో "ఉయహాంబ" అంటే వెళ్తున్నావు అనీ అర్థమే, వెళ్తున్నాడు అనీ అర్థమే. మొదటి "ఉ"ని దించి పలికితే నువ్వు. ఎత్తి పలికితే అతను లేదా ఆమె. గొంతు తప్పితే మనిషే మారిపోతాడు. ఇలాంటి భాషలో ప్రశ్న కోసం ఒక అక్షరాన్ని ఇష్టమొచ్చినట్టు ఎత్తేస్తే, నువ్వు అన్నది అతను అయిపోయే ప్రమాదం ఉంది.

అందుకని జూలూ వేరే దారి చూసుకుంది. మామూలు వాక్యం చివర, చివరి నుంచి రెండో అక్షరాన్ని బాగా సాగదీస్తారు. "ఉయహా...ంబ" అన్నట్టు. ప్రశ్న అడిగేటప్పుడు ఆ సాగదీత తగ్గించేస్తారు. చటుక్కున ముగిస్తారు. దాంతోపాటు వాక్యం మొత్తాన్ని ఒక మెట్టు పైన పలుకుతారు. ఒక్క అక్షరాన్ని కాకుండా అన్నిటినీ కలిపి పైకి జరుపుతారు కాబట్టి, లోపల ఏది ఎత్తు, ఏది దిగువ అన్న తేడా చెడదు. నువ్వు నువ్వుగానే ఉంటుంది, అతను అతనుగానే ఉంటాడు. ప్రశ్న మాత్రం ప్రశ్న అయింది. దాని సోదర భాష ఖోసా మీద చేసిన ప్రయోగాల్లో కూడా ఇవే రెండు గుర్తులు తేలాయి. గొంతు పైమెట్టున ఉండటం ఒకటి. ఆ అక్షరం పొట్టి కావడం రెండోది.

ఇదీ చాలదనుకుంటే జూలూవాళ్ళు చివర "న" అని చేరుస్తారు. "ఉయహాంబ న?" మన "ఆ"కి దగ్గరి చుట్టంలా పనిచేస్తుంది. మలావీ దేశంలో మాట్లాడే చిచేవా కూడా గొంతు ఎత్తుదిగుళ్ళతో అర్థం మార్చే భాషే. అక్కడ "కోడి" అనే మాట ప్రశ్నకి గుర్తు. "కోడి మ్వాడ్య?" అంటే తిన్నారా అని. మన తెలుగు చెవికి వేరే ఏదో తట్టినా, అక్కడ కోడికి ఆ పని లేదు.

ఇక్కడ కూడా మన సూత్రమే. గొంతుకి వేరే బరువు ఉన్నప్పుడు, ప్రశ్నని మొయ్యడానికి నిడివి వచ్చింది, వేగం వచ్చింది, చిన్న మాటలు వచ్చాయి. ఎవరో ఒకరు మొయ్యాలి. ప్రశ్నని కింద పడెయ్యకూడదు.

ఇంకొక్క సంగతి చెప్పి, పనికొచ్చే మాటలకి వస్తాను. ప్రపంచంలో ఎక్కడైనా ప్రశ్న అంటే గొంతు లేవడమే అని చాలాకాలం పండితులు కూడా అనుకున్నారు. ఫ్రాన్స్‌కి చెందిన ఆనీ రియలాన్ 78 ఆఫ్రికా భాషలని పోల్చి 2007లో ఒక వ్యాసం ప్రచురించారు. బుర్కినా ఫాసో, ఘానా వంటి పశ్చిమాఫ్రికా దేశాల్లోని అనేక భాషల్లో ప్రశ్న చివర గొంతు లేవదనీ, దిగుతుందనీ, చివరి అచ్చు సాగుతుందనీ, ఊపిరి సడలినట్టు వినపడుతుందనీ అందులో చూపించారు. అంటే గొంతు ఎత్తడం ప్రకృతి నియమం కాదు. ఒక్కో భాష కుదుర్చుకున్న ఒప్పందం. ఆ ఒప్పందం ఏమిటో వెళ్ళినవాళ్ళే నేర్చుకోవాలి.

మరి ఎలా నేర్చుకోవాలి? పుస్తకం చాలదు. పుస్తకంలో "చాయి ఈపో" పక్కన ఒక చుక్కో, ఒక ప్రశ్నార్థకమో ఉంటుంది. గొంతు ఉండదు. దీనికి వినడం ఒక్కటే దారి. వినడానికి రేడియోని మించింది లేదు. ముఖం కనపడదు, కనుబొమలు కనపడవు, చేతులు కనపడవు. గొంతు ఒక్కటే ఉంటుంది. బీబీసీ తన స్వాహిలీ ప్రసారాలని 1957 జూన్‌లో మొదలుపెట్టింది. మన ఆకాశవాణి విదేశీ విభాగం కూడా తూర్పు ఆఫ్రికా శ్రోతల కోసం స్వాహిలీలో ప్రసారాలు నడిపింది. ఇవాళ టాంజానియా, కెన్యా రేడియోలు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి.

వినేటప్పుడు వార్తలతో మొదలుపెట్టకండి. వార్తల్లో అన్నీ చెప్పడాలే ఉంటాయి. అడగడాలు ఉండవు. ఎవరినైనా కూర్చోబెట్టి ప్రశ్నలడిగే కార్యక్రమం వినండి. మాటల అర్థం పట్టించుకోకండి. ఎక్కడ ఒక మనిషి ఆగాడు, ఇంకో మనిషి మొదలుపెట్టాడు, అది పట్టుకోండి. ఆగే ముందు, చివరి నుంచి రెండో అక్షరం దగ్గర గొంతు ఏం చేసిందో వినండి. లేచిందా? అయితే అవునా కాదా అని అడిగి ఉంటారు. దిగిందా? అయితే ఆ వాక్యంలో వాపి, నీని, లీని, నాని, గాని, వీటిలో ఏదైనా వినపడిందేమో చూసుకోండి. వినపడితే అది ఏమిటి, ఎక్కడ అని అడిగే ప్రశ్న. ఏదీ వినపడకపోతే, మనిషి చెప్తున్నాడు, అడగడం లేదు. మనం ఊ కొడితే చాలు.

ఇక మీరు మాట్లాడేటప్పుడు. గొంతు మీద నమ్మకం కుదిరేదాకా "జె" పెట్టి అడగండి. "జె, బాసి లిమెఫీక?" బస్సు వచ్చిందా? గొంతు సరిగ్గా లేవకపోయినా "జె" మిమ్మల్ని కాపాడుతుంది. నమ్మకం కుదిరాక "జె" మానెయ్యండి. ఊనిక పడే అక్షరాన్ని ఎత్తండి. చివర మన "ఆ" మాత్రం చేర్చకండి. "లిమెఫీకా" అని అలవాటుగా దీర్ఘం తీస్తే ఊనిక చివరికి జరిగిపోతుంది, మాట వికారమవుతుంది. తెలుగువాళ్ళకి ఇది కొంచెం కష్టమే. పెదవి దాకా వచ్చిన "ఆ"ని మింగెయ్యాలి.

ప్రశ్నమాట ఉన్నప్పుడు గొంతు ఎత్తకండి. "బాసి లిటఫీక లీని?" బస్సు ఎప్పుడు వస్తుంది? దించి, నిదానంగా అడగండి. "లీని" తన పని తాను చేస్తుంది.

చివరిగా ఇంకోసారి. మాట మోస్తే గొంతుకి పని తక్కువ. మాట వదిలేస్తే గొంతే మొయ్యాలి. స్వాహిలీకైనా, జూలూకైనా, మన తెలుగుకైనా ఇది వర్తిస్తుంది. ఏ కొత్త భాష దగ్గరికి వెళ్ళినా, ఏమిటి, ఎక్కడ అన్న మాటలు నేర్చుకునే ముందు ఒక్క సంగతి కనుక్కోండి. ఈ భాషలో ప్రశ్నని ఎవరు మోస్తున్నారు? మాటా, గొంతా? అది తెలిస్తే సగం సంభాషణ వచ్చినట్టే.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరైనా తూర్పు ఆఫ్రికాకి ప్రయాణమవుతుంటే, స్వాహిలీ మాటల పట్టీతో పాటు ఈ సంగతి కూడా చెప్పి పంపండి. చివరి నుంచి రెండో అక్షరం వినమనండి.